మామ్మ తివాచీమీద ఆవకాయ మరక

పిల్లలూ, ఈ నెల మన ఇంటి సైన్సులో ఒక మరక సంగతి చెబుతాను. ఆ మరక చేసింది నేనే. దాన్ని పోగొట్టబోయి తివాచీని పాడుచేసిందీ నేనే. కనక ఈ విషయం నాకు బాగా తెలుసు!

అప్పుడు నాకు పదేళ్ళు. మా ఇల్లు రాజమండ్రిలో, గోదావరి గట్టుకు దగ్గరలో ఉండేది. మా మామ్మ దగ్గర ఒక ఏలూరు తివాచీ ఉండేది. ఎర్రని నేత, మధ్య నీలం పువ్వులు, చుట్టూ ఆకుపచ్చని లతల అంచు. మామ్మ పెళ్ళికి వాళ్ళ నాన్నగారు కొనిచ్చారట. దాన్ని ఏడాదికి నాలుగైదుసార్లు మాత్రమే పరిచేవాళ్ళు. మిగిలిన రోజుల్లో వేపాకు వేసి చుట్టి, పాత దుప్పట్లో మూటకట్టి అటకమీద దాచేవాళ్ళు.

ఆ వేసవిలో మా చిన్నత్తయ్యకు పెళ్ళిచూపులు ఏర్పాటయినాయి. ముందురోజే తివాచీ దింపి సావిట్లో పరిచారు. "దీనిమీద ఎవరూ ఏమీ తినకండర్రా!" అని మామ్మ అందరికీ మరీ మరీ చెప్పింది. నేను కూడా "అలాగే మామ్మా" అన్నాను.

మధ్యాహ్నం పెద్దవాళ్ళంతా నడుం వాల్చారు. నాకు ఆకలేసింది. కొత్తావకాయ జాడీ వంటింట్లో ఘుమఘుమలాడుతోంది. గిన్నెలో అన్నం కలుపుకుని, మెత్తగా ఉంటుంది గదా అని తివాచీమీదే కూచున్నాను. రెండో ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే నూనె ఓడుతున్న టెంకముక్క జారి, సరిగ్గా ఒక నీలం పువ్వు పక్కన పడింది.

ఇక నేను చేసిన ఘనకార్యాలు వరసగా వినండి.

మొదట తువాలు తడిపి మరకను గట్టిగా రుద్దాను. అర్ధరూపాయంత మరక అరచెయ్యంత అయింది. తరవాత బట్టలసబ్బు రాశాను. పసుపుపచ్చగా ఉన్న అంచు ఉన్నట్టుండి నెత్తురులాగా ఎర్రబడింది! నా గుండె దడదడ కొట్టుకుంది. పెరట్లో పొయ్యిమీద కాగుతున్న నీళ్ళు చెంబెడు తెచ్చి పోశాను. రంగు పోలేదు సరికదా, అక్కడి ఉన్ని ఉండలు కట్టి గట్టిపడింది. వానాకాలంలో నూతిలో వెయ్యటానికి దాచిన బ్లీచింగు పౌడరు డబ్బా అప్పుడు నా కంటపడింది. గుప్పెడు పౌడరు పోసి, నిమ్మపండు మరకలు పోగొడుతుందని ఎవరో అనగా విన్నాను గదా అని, దానిమీద ఒక నిమ్మచెక్క కూడా పిండాను.

బుస్సుమని ఘాటైన వాసన ముక్కుకు కొట్టింది. కళ్ళు భగ్గున మండాయి. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. బయటికి పరిగెత్తి అరుగుమీద కూలబడ్డాను. కాస్సేపటికి దగ్గు తగ్గింది. అప్పుడైనా ఎవరికన్నా చెప్పానా? లేదు. ముక్కు మూసుకుని లోపలికి వచ్చి, ట్రంకుపెట్టె ఒకటి ఈడ్చి ఆ మరకమీద పెట్టేశాను.

మర్నాడు పొద్దున మామ్మ పెట్టె జరిపింది. మరక ఉన్నచోట ఎర్రరంగూ లేదు, నీలం పువ్వూ లేదు. పాలిపోయిన పచ్చటి మచ్చ ఒకటి ఉంది. మామ్మ వేలితో తాకగానే అక్కడి ఉన్ని నానిన సేమియాలాగా ఊడి వచ్చింది.

నేను తలుపు చాటున నిలబడ్డాను. మామ్మ నన్ను పిలిచింది. డబ్బా చూసింది, నిమ్మచెక్క చూసింది. తిట్టలేదు. "నీ కళ్ళు మండాయిరా? దగ్గొచ్చిందా? మరి నన్నెందుకు లేపలేదు?" అని అడిగింది. నాకు ఏడుపు వచ్చేసింది. ఆ రోజు పెళ్ళివారికి చాపే పరిచారు. సంబంధం మాత్రం కుదిరింది లెండి.

ఏలూరు ప్రయాణం

పెళ్ళి అయిపోయాక మామ్మ తివాచీని మూటకట్టించి, నన్ను వెంటబెట్టుకుని ఏలూరు రైలెక్కింది. కొవ్వూరు, నిడదవోలు, తాడేపల్లిగూడెం దాటి వెళ్ళాం. ఏలూరు తివాచీలకు పేరుపొందిన ఊరు. పూర్వం పారశీక దేశంనుంచి వచ్చిన నేతగాళ్ళు అక్కడ స్థిరపడి ఈ విద్యను నిలబెట్టారని చెబుతారు. అక్కడి ఉన్ని తివాచీలు ఓడలెక్కి పైదేశాలకు వెళ్ళాయి. ఇప్పుడు మగ్గాలు చాలా తగ్గిపోయాయిగాని, ఏలూరు తివాచీ పేరు మాత్రం పోలేదు.

మేము వెళ్ళిన ఇంట్లో నిలువు మగ్గం ఉంది. పైనుంచి కిందికి నూలు పడుగు బిగించి ఉంది. మగ్గం ముందు బల్లమీద కూచున్న ముసలి నేతగాడు, రంగు ఉన్ని పోగు తీసి రెండు పడుగుదారాలకు ముడి వేసి, కత్తితో టక్కున కోస్తున్నాడు. ఒక ముడి, ఒక కోత. వరస నిండాక అడ్డంగా పేక దూర్చి, దువ్వెనలాంటి పనిముట్టుతో దిగగొడుతున్నాడు. మనం తివాచీమీద తొక్కే మెత్తదనమంతా ఇలా కోసిన ఉన్ని కొసలే.

ఆయన మా తివాచీని వెలుగులో పెట్టి చూశాడు. తరవాత నన్ను పిలిచి, "బాబూ, దీనిమీద ఏమేం పోశావు? ఏది ముందు, ఏది వెనక? వరసగా చెప్పు" అన్నాడు.

నేను మామ్మ మొహంకేసి చూశాను. ఆమె తల ఊపింది. అన్నీ చెప్పాను.

"ఇదే ఆ రోజు చెప్పి ఉంటే పిండి చల్లి, నురగ రాసి సగం గంటలో బాగుచేసుకునేవారు. మరక పడటం తప్పు కాదు బాబూ. ఏం పడిందో చెప్పకపోతే మందు ఎవరికి తెలుస్తుంది?" అన్నాడాయన.

చెడిన ఉన్ని తీసేసి, ఆ చోట మళ్ళీ ఒక్కొక్క ముడే వేశాడు. అరచెయ్యంత జాగాకు ఆయనకు రెండు రోజులు పట్టింది. నేను పక్కన కూచుని ముడులు లెక్కపెట్టటం మొదలుపెట్టి, మధ్యలోనే లెక్క తప్పాను.

ఉన్ని అంటే ఏమిటి?

నేను చేసిన తప్పులకు కారణాలు పెద్దయ్యాకగాని నాకు తెలియలేదు. మీరు ఇప్పుడే తెలుసుకోండి.

ఉన్ని గొర్రెవంటిమీది వెంట్రుక. మన జుట్టు, గోళ్ళు, పక్షి ఈకలు ఏ జాతి పదార్థంతో తయారవుతాయో ఉన్నీ అదే జాతి పదార్థంతో తయారవుతుంది. దాని పేరు కెరాటిన్. అది ఒక ప్రోటీను. ప్రత్తి అలా కాదు. అది మొక్కనుంచి వచ్చిన సెల్యులోజు. అందుచేత నూలు పంచెకు చేసిన వైద్యం ఉన్ని తివాచీకి పనికిరాదు.

ఉన్నిపోగును సూక్ష్మదర్శినిలో చూస్తే చేప పొలుసులలాంటి పొలుసులు కనిపిస్తాయి. వేడినీళ్ళు, సబ్బు, రాపిడి మూడూ కలిసినప్పుడు ఈ పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని, ఉన్ని కుదించుకుపోయి అట్టకడుతుంది. నేను వేడినీళ్ళు పోసి రుద్దినప్పుడు జరిగింది ఇదే.

ఉన్నికి క్షారం పడదు. చాకలిసోడా, బూడిదనీళ్ళు, చౌడు క్షారాలు. అవి ఉన్నిని బలహీనపరుస్తాయి. బ్లీచింగు మరీ ప్రమాదం. అది ఉన్నిని పచ్చబరచి, కరిగించి పారేస్తుంది. నిజానికి ఉన్ని చాలా గట్టిది. 1949లో రుదెంకో అనే రష్యా శాస్త్రజ్ఞుడు అల్తాయి కొండల్లో ఒక పాత సమాధిని తవ్వితే, మంచులో గడ్డకట్టి ఉన్న ఉన్ని తివాచీ దొరికింది. దాని వయస్సు ఇంచుమించు 2,400 ఏళ్ళు. గుర్రపురౌతుల బొమ్మలు, దుప్పుల బొమ్మలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. సెయింట్ పీటర్స్‌బర్గులోని హెర్మిటేజి మ్యూజియంలో దాన్ని భద్రపరిచారు. అన్నేళ్ళు మన్నగల ఉన్నిని నేను ఒక్క రాత్రిలో ఊడగొట్టాను!

ఎర్రబడిన పసుపు

మరి సబ్బు రాయగానే ఆవకాయ మరక ఎందుకు ఎర్రబడింది? ఆవకాయలోని పసుపువల్ల. పసుపులోని కుర్కుమిన్ అనే రంగు క్షారం తగిలితే ఎర్రబడుతుంది, పులుపు తగిలితే మళ్ళీ పచ్చబడుతుంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేస్తారు గదా, ఆ ఎరుపూ ఇదే.

దీన్ని మీరే చేసి చూడండి. చెంచా పసుపును కాసిని నీళ్ళలో కలిపి తెల్లకాగితంమీద పూసి ఆరనివ్వండి. ఒకచోట బట్టలసబ్బు నీరు ఒక చుక్క వెయ్యండి. ఎర్రబడుతుంది. అదే చోట నిమ్మరసం చుక్క వెయ్యండి. ఎరుపు పోయి పసుపు తిరిగి వస్తుంది. ఈ ప్రయోగం కాగితంమీదే చెయ్యండి, అమ్మ చీరమీద కాదు!

మరక పడితే ఏం చెయ్యాలి?

ముందు ఇంట్లో పెద్దవాళ్ళను పిలవండి. తరవాత రెండు ప్రశ్నలు వేసుకోండి: పడింది ఏమిటి? ఎక్కడ పడింది? ఈ రోజుల్లో చాలా తివాచీలు నైలాను, పాలీప్రొపిలీను వంటి కృత్రిమ నూలుతో చేస్తున్నారు. వెనకవైపు చీటీ ఉంటే చదవండి. ఏదీ తెలియకపోతే ఉన్ని అనుకునే జాగ్రత్త పడండి.

గట్టిగా ఉన్నదాన్ని చెంచా అంచుతో ఎత్తెయ్యండి. తడిని తెల్లని పాత నూలుగుడ్డతో అద్దండి. అద్దాలేగాని రుద్దకూడదు. అంచునుంచి మధ్యకు రండి, మధ్యనుంచి అంచుకు పోతే మరక పెరుగుతుంది. గుడ్డలో శుభ్రమైన చోటు మార్చుకుంటూ ఉండండి. రంగుగుడ్డ వాడితే దాని రంగు కూడా తివాచీకి అంటుకోవచ్చు.

ఏ మందు వాడేముందయినా తివాచీ మూలన, ఎవరికీ కనపడని చోట ఒక చుక్క వేసి తెల్లగుడ్డతో కాస్సేపు అదిమి పట్టండి. గుడ్డకు తివాచీ రంగు అంటితే ఇక అక్కడే ఆగిపోండి. అది నిపుణుల పని.

ఉన్నికి మన పెరట్లోనే మంచి మందు ఉంది. అదే కుంకుడుకాయ. గింజ తీసి, పైతొక్క నానబెట్టి, పిసికి, వడగడితే బోలెడు నురగ వస్తుంది. కుంకుడులోని సపోనిన్లు నూనెను పట్టి లాగుతాయి. అది చాకలిసోడాలాగా క్షారం కాదు. అయితే కుంకుడు రసానికి గోధుమరంగు ఉంటుంది. లేత రంగు తివాచీకి అది పనికిరాదు. ముదురు రంగు తివాచీకయినా నురగ మాత్రమే తీసి రాయాలి, రసం పొయ్యకూడదు. కళ్ళలో పడకుండా చూసుకోవాలి. కుంకుళ్ళు లేకపోతే ఉన్నిబట్టలకోసం అమ్మే ద్రవం చాలు. ప్రోటీను మరకలను కొరికేసే ఎంజైములు కలిపిన సబ్బుపొడి మాత్రం వద్దు. ఉన్ని కూడా ప్రోటీనేగదా! వాటికి ఆ తేడా తెలియదు.

ఇక ఏ మరకకు ఏం చెయ్యాలో చూడండి.

ఆవకాయ, నెయ్యి, నూనె: ముక్క ఎత్తేసి, నూనెను గుడ్డతో అద్ది, బియ్యప్పిండి గాని మొక్కజొన్న పిండి గాని దట్టంగా చల్లండి. కొన్ని గంటలు వదిలేస్తే పిండి నూనె పీల్చుకుంటుంది. తరవాత మెత్తని కుంచెతో ఒక్క రవ్వ మిగలకుండా దులపండి. పిండి మిగిలితే పురుగులు చేరతాయి. అప్పుడు నురగ రాసి, చన్నీళ్ళలో పిండిన గుడ్డతో అద్దండి. సోడా, బట్టలసబ్బు వెయ్యకూడదని మీకు ఇప్పుడు తెలుసు. పసుపు ఛాయ మిగిలితే కంగారుపడకండి. కుర్కుమిన్ ఎండకు విరిగిపోతుంది. అయితే ఎక్కువ ఎండ తివాచీ రంగుకూ మంచిది కాదు కనక, పొద్దుటి ఎండలో కాస్సేపు పెట్టి చూసుకుంటూ ఉండాలి.

పాలు, గుడ్డు, నెత్తురు: చన్నీళ్ళే వాడండి. వీటిలో ప్రోటీన్లు ఉన్నాయి. కోడిగుడ్డు వేడికి గడ్డకట్టినట్టే, వేడినీళ్ళు పోస్తే ఈ మరక పోగుల్లో గడ్డకట్టి కూచుంటుంది.

కాఫీ, టీ: వెంటనే అద్ది, చన్నీళ్ళు చిలకరించి మళ్ళీ అద్దండి. మిగిలితే గ్లాసుడు నీళ్ళలో చెంచాడు వెనిగర్ కలిపి, మూలన పరీక్ష చేశాక, ఆ నీళ్ళతో అద్దవచ్చు.

సిరా: ఫౌంటెన్ పెన్ను సిరా అయితే చన్నీళ్ళతో ఓపికగా అద్దుతూ పోవాలి. బాల్‌పెన్ను సిరాకు పెద్దవాళ్ళు స్పిరిటు వాడతారు. స్పిరిటు భగ్గున అంటుకుంటుంది. దగ్గరలో పొయ్యి, దీపం, అగరువత్తి ఏదీ ఉండకూడదు, కిటికీలు తెరిచి ఉండాలి. అది పిల్లల పని కాదు.

కొవ్వొత్తి మైనం, చూయింగుగమ్: సంచిలో మంచుముక్కలు వేసి పైన పెట్టండి. గట్టిపడి పెళుసవుతుంది. అప్పుడు చెంచాతో విరిచి తియ్యండి.

గోదావరి ఒండ్రు: దీనికి మాత్రం తొందర పడకూడదు! తడిబురద తుడిస్తే లోపలికి ఇంకుతుంది. పూర్తిగా ఎండనిచ్చి, దులిపి, మిగిలినదాన్ని అద్దండి.

మరక పోయాక పని అయిపోయిందనుకోకండి. మన కోనసీమలో, డెల్టాలో గాలికి తేమ ఎక్కువ. ఉన్ని పైకి ఆరినట్టున్నా లోపలి నూలు పడుగు తడిగా ఉండి బూజుపడుతుంది. పొడి తువాలు వేసి అదిమి నీరు పీల్పించి, కిందికీ పైకీ గాలి ఆడేట్టు ఎత్తుగా పరిచి, ఫానుకింద పూర్తిగా ఆరనివ్వాలి. అంతవరకు చుట్టకూడదు.

ప్రాణానికి సంబంధించిన మాట

ఇప్పుడు చెప్పేది మాత్రం రెండుసార్లు చదవండి.

బ్లీచింగులో క్లోరిన్ మరొక రూపంలో అణిగి ఉంటుంది. నిమ్మరసం, వెనిగర్, మరుగుదొడ్లు కడిగే యాసిడు, ఇలా ఏ పులుపు తగిలినా అది విషవాయువై బయటపడుతుంది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్రె దగ్గర జర్మన్లు శత్రు సైనికులమీదికి వదిలిన వాయువు ఇదే. నేను మా సావిట్లో తయారుచేసిందీ ఇదే. నా అదృష్టంకొద్దీ అది కొంచెమే పుట్టింది, తలుపులు తెరిచి ఉన్నాయి. అమ్మోనియా ఉన్న ద్రవాలతో బ్లీచింగు కలిపినా విషవాయువులే పుడతాయి.

కనక ఒక మందు పనిచెయ్యలేదని దానిమీద ఇంకొకటి పొయ్యకండి. ఎప్పుడైనా ఘాటు వాసన వచ్చి కళ్ళు మండితే, శుభ్రం చెయ్యబోకండి. వెంటనే బయటికి వెళ్ళి పెద్దవాళ్ళను కేకవెయ్యండి. కళ్ళు మంచినీళ్ళతో బాగా కడుక్కోవాలి. ఊపిరి కష్టమైతే 108కి ఫోను చెయ్యాలి. మరకలకోసం పెట్రోలు, కిరసనాయిలు కూడా ముట్టుకోకండి. వాటి ఆవిరి గదంతా పరుచుకుని, ఎక్కడో ఉన్న చిన్న దీపంనుంచి కూడా నిప్పు అందుకుంటుంది.

తల్లితండ్రులకు కూడా ఒక విన్నపం. బ్లీచింగు, యాసిడు సీసాలు పిల్లలకు అందకుండా పెట్టండి. వాటిని మంచినీళ్ళ సీసాల్లో పొయ్యకండి. ఇంకొక మాట. పిల్లవాడు వచ్చి, "అమ్మా, నావల్ల మరక పడింది" అని చెప్పినప్పుడు, ముందు పిల్లవాణ్ణి చూసి తరవాత తివాచీ చూడండి. మా ఇంట్లో నన్ను తిట్టేవాళ్ళు లేకపోయినా, తిడతారన్న భయమే నాచేత పెట్టె ఈడ్పించింది.

మామ్మ తివాచీ ఇప్పుడు మా ఇంట్లో ఉంది. కొత్తగా వేసిన నీలం పువ్వు పక్క పువ్వులకన్న కాస్త ముదురు. కళ్ళు మూసుకుని చేత్తో తడిమినా ఆ చోటు నాకు తెలిసిపోతుంది. మా మనమలు దానిమీద కూచుని ఆడుకుంటారు. మొన్న వాళ్ళలో చిన్నవాడు పరిగెత్తుకుంటూ నా దగ్గరికి వచ్చి, "తాతయ్యా, పాలు ఒలికాయి!" అన్నాడు.

ఇద్దరం చన్నీళ్ళూ తెల్లగుడ్డా పట్టుకుని వెళ్ళాం. అయిదు నిమిషాల పని.